కింద మొక్క ఏదమ్మా అని ఒక్కరూ అడగరు

ముందే చెప్పేస్తున్నాను, విశాఖలో పీచ్ కాయదు. మొక్క బతుకుతుంది, ఆకు వేస్తుంది, కుండీలో ముచ్చటగానే ఉంటుంది. కాయ మాత్రం రాదు. చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి గంటల తరబడి, రోజుల తరబడి తగిలితే గానీ దాని మొగ్గ కదలదు. పంజాబ్‌లో వేసే తక్కువ చలి రకాలకైనా 150 నుంచి 300 గంటల చలి కావాలి. మనకేమో డిసెంబరు రాత్రి 16, 17 డిగ్రీలకు దిగిందంటే చాలు, బీచ్ రోడ్డు మీద మంకీ క్యాపులు మొదలవుతాయి. లంబసింగి సంగతి వేరు, అక్కడ చలి ఉంది. ఎంవీపీ కాలనీ డాబా మీద పీచ్ కాయించడం మాత్రం అయ్యే పని కాదు. ఆన్‌లైన్‌లో 499 రూపాయలకే వస్తోందని నాకు ఫొటోలు పంపే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆ డబ్బులతో మంచి నిమ్మ అంటు కొనుక్కోండి. నా దగ్గరే కొననక్కర్లేదు.

ఇంత చెప్పి కూడా ఈ పోస్టంతా పీచ్ గురించే. కాస్త ఓపిక పట్టండి.

నాది ఆనందపురం దాటాక భీమిలి వైపు వెళ్ళే రోడ్డు పక్కన నర్సరీ. మామయ్యగారు పెట్టారు. ఇప్పుడు అంట్లు కట్టించడం, లెక్కలు, వాట్సాప్ బేరాలు అన్నీ నా మీదే. మామిడి, సపోటా, జామ, నిమ్మ, సీజన్‌లో పూలమొక్కలు. మా పిన్ని కొడుకు అమెరికాలో, సౌత్ కరొలినాలోని క్లెమ్సన్ యూనివర్సిటీలో మొక్కల తెగుళ్ళ మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. వాడు పొద్దస్తమానం తిరిగేది పీచ్ తోటల్లోనే. నాకు ఆదివారం పొద్దున్న టీ తాగే వేళకి వాడికి శనివారం రాత్రి భోజనాలు అయిపోతాయి. ఆ కాసేపట్లో పిన్ని మోకాళ్ళ నొప్పుల గురించి ఐదు నిమిషాలు, మిగతాదంతా చెట్ల వేళ్ళ గురించి.

అంటు మొక్కంటే ఒక మొక్క వేరు మీద ఇంకో రకం కొమ్మ అతికించినది. ఆ వేరున్నదే కింద మొక్క. మా దగ్గరకొచ్చేవాళ్ళు అడిగేది పైనున్న కొమ్మ పేరు. “సువర్ణరేఖేనా?” “బంగినపల్లి కాపెప్పుడొస్తాది?” “తైవాన్ జామలో పింకా, తెలుపా?” కింద మొక్క ఏది, ఆ టెంక ఎక్కడిది, ఆ వేరు ఏ జబ్బుకి ఆగుతుంది అని అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరు తగల్లేదు. ఫొటో బావుందని, ఇల్లూ వాకిలీ కనుక్కోకుండా తాంబూలాలు పుచ్చుకుని వచ్చేసినట్టుంటుంది వ్యవహారం. నర్సరీ వాళ్ళం మేమూ తక్కువేం తినలేదు. మామిడికి కింద మొక్కంటే రసం తీసే ఫ్యాక్టరీల దగ్గర రాశులుగా పడుండే టెంకలే. అవి ఏ చెట్టువో, ఏ ఊరివో దేవుడికెరుక. సపోటాకి పాల మొక్క, బత్తాయికి జంబేరి. చాలామందికి చదువు అక్కడితో సరి.

ఆమధ్య పద్మనాభం వైపు నుంచి ఒక రైతు జామమొక్కని వేళ్ళతో సహా పెరికి, గోనెసంచిలో చుట్టి బండి మీద తెచ్చాడు. మొక్కలు మా దగ్గర కొన్నవి కావు. ఎక్కడ కొన్నాడో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

“ఏటమ్మా ఇది? నీల్లు ఎడతన్నాను, ఎరువేస్తన్నాను, ఆకు చూస్తే ఇటిక రంగులోకి దిగిపోతంది. కాపు సరిగ్గా అందుకోనేదు, సెట్టు సచ్చిపోతన్నాది.”

కుళాయి కింద వేళ్ళు కడిగాను. ఆరోగ్యంగా ఉన్న జామకి పెద్ద వేళ్ళ చుట్టూ సన్నటి పీచు వేళ్ళు జడలు జడలుగా ఉండాలి. దీనికి పీచు వేళ్ళన్నవే లేవు. పెద్ద వేరు పొడుగునా బఠాణీ అంత మొదలుకుని రాచ ఉసిరికాయంత దాకా బుడిపెలు, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. గోరుతో తోస్తే ఊడి రాలేదు. మినుము, వేరుశెనగ వేళ్ళ మీద నత్రజని బుడిపెలు ఉంటాయే, అవి తోస్తే రాలిపోతాయి. ఇక్కడ బుడిపె వేరు మీద లేదు, వేరే ఉబ్బి బుడిపె అయింది. బ్లేడుతో కోసి, మామయ్యగారి భూతద్దం పెట్టి చూస్తే లోపల నలుసంత తెల్లటి చుక్కలు. అవి ఆడ నులిపురుగులు, అంటే వేళ్ళని పట్టే నెమటోడ్లు. ఒక్కొక్కటీ వందల గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలోంచి వచ్చే పిల్లలు మట్టిలో తడి పట్టుకుని పక్క వేరులోకి దూరతాయి.

వీడియో తీసి మా తమ్ముడికి పంపాను. వాడు వెంటనే ఫోన్ చేశాడు.

“అక్కా, జామలో ఇంత పెద్ద బుడిపెలంటే మెలోయిడోగైన్ ఎంటరోలోబీ అనే వేరుముడి నులిపురుగు అయ్యుంటుంది. ల్యాబులో చూస్తే గానీ ఖాయంగా చెప్పలేం. సరే గానీ, ఆ చెట్టుకి కింద మొక్క ఏది?”

“కిందేవిట్రా, పైదే కిందా. తైవాన్ జామ కొమ్మకే వేళ్ళు పట్టించి అమ్ముతారు.”

“అదీ సంగతి. మా దగ్గర పీచ్ రైతు ముందు నేలలో ఏముందో చూస్తాడు. దాన్ని బట్టి కింద మొక్క. పైన ఏ రకం అన్నది ఆ తరవాతి మాట.”

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అప్పట్నుంచి వాడు పంపినవన్నీ చదువుతున్నాను. నాకు అర్థమైంది ఒక్కటే. ప్రతి వేరూ ఒక చావుని తప్పిస్తుంది, ఇంకో చావుకి తలుపు తీసి పెడుతుంది. అన్నిటికీ ఆగే వేరు పీచ్ వాళ్ళకి కూడా దొరకలేదు, వంద సంవత్సరాలకి పైగా వెతుకుతూనే ఉన్నారు.

సౌత్ కరొలినా, జార్జియా రాష్ట్రాల్లో పీచ్ రైతుని దశాబ్దాల పాటు ఏడిపించిన జబ్బు ఒకటుంది. పీచ్ ట్రీ షార్ట్ లైఫ్ అంటారు. చెట్టు మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ వయసులో ఉంటుంది, అంటే పెట్టిన డబ్బు అప్పుడప్పుడే తిరిగొచ్చే వేళ. చలికాలం అయిపోయి వసంతం మొదలవుతుంటే పూత పూస్తుంది, ఒక్కోసారి ఆకు కూడా వేస్తుంది, ఉన్నట్టుండి మొత్తం వాడిపోయి నిలువునా ఎండిపోతుంది. బెరడు చెక్కి చూస్తే కింద చెక్క గోధుమ రంగుకి తిరిగి, పులిసిన వాసన వస్తుంది. విచిత్రమేమిటంటే చావు నేలమట్టం దాకానే. కింద వేరు బతికే ఉంటుంది, ఎండాకాలానికి మొదట్లోంచి పిలకలు కూడా వేస్తుంది. ఆ పిలకలు రైతు వేసిన రకానివి కావు, కింద మొక్కవి. పై ప్రాణం పోయి కింద ప్రాణం మిగిలిందన్నమాట. అంటుచెట్టులో ప్రాణాలు రెండు అని ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చూపించలేరు.

చంపింది ఎవరని తవ్వుకుంటూ పోతే ఒక్కడు దొరకలేదు, ముఠా దొరికింది. మట్టిలో రింగు నులిపురుగు అని ఒకటి ఉంటుంది. మన జామది వేరులోపలికి దూరి కాపురం పెట్టే రకం. ఇది బయటే ఉండి, సూదిలాంటి నోరు గుచ్చి పీల్చే రకం. బుడిపెలు రావు కాబట్టి కంటికి ఏమీ కనబడదు. ఇసక నేలల్లో బాగా పెరుగుతుంది. అది పీల్చిన చెట్టు చలికి తట్టుకోలేదు. చలి దెబ్బ తిన్న బెరడులోకి సూడోమోనాస్ సిరింజే అనే బ్యాక్టీరియా దిగి క్యాంకర్, అంటే బెరడు పుండు, తెస్తుంది. దానికితోడు శీతాకాలం ముందర కత్తిరింపులు చేస్తే చావులు ఇంకా పెరుగుతాయి. అందుకే అక్కడ ఫిబ్రవరి దాకా కత్తెర ముట్టుకోవద్దని చెబుతారు. కాలం, చలి, కత్తెర, పురుగు, బ్యాక్టీరియా ఇన్ని కలిస్తేనే చెట్టు పోతుంది. కానీ అదే తోటలో, అదే చలిలో, కింద మొక్క మారితే చచ్చే చెట్ల లెక్క మారిపోతోందని గమనించారు. అక్కడ్నుంచే రూట్‌స్టాక్, అంటే కింద మొక్క, వేట ముదిరింది.

మొదట్లో వాడింది లోవెల్. 1882లో కాలిఫోర్నియాలో దానంతటదే మొలిచిన చెట్టు. ఎండబెట్టడానికి, డబ్బాల్లో పెట్టడానికి దాని పండు వాడేవాళ్ళు. పండు పోగా టెంకలు గుట్టలుగా మిగిలేవి, నర్సరీ వాళ్ళు అవే వేసుకున్నారు. మన జ్యూస్ ఫ్యాక్టరీ టెంకల కథే. లోవెల్ షార్ట్ లైఫ్‌కి కొంత తట్టుకుంటుంది గానీ వేరుముడి నులిపురుగు ఉన్న నేలలో వేళ్ళన్నీ బుడిపెలే. దానికి విరుగుడుగా 1959లో అమెరికా వ్యవసాయ శాఖ నెమాగార్డ్‌ని విడుదల చేసింది. వేరుముడి నులిపురుగుకి గట్టిగా నిలబడింది. కాలిఫోర్నియా అంతా దాన్నే నమ్ముకుంది, ఇప్పటికీ పీచ్‌కీ, బాదంకీ కింద ఎక్కువగా అదే. కానీ జార్జియా, కరొలినా ఇసక నేలల్లో పెడితే షార్ట్ లైఫ్‌కి లోవెల్ కంటే ముందు అదే పోయింది. ఒక నులిపురుగుని ఆపిన వేరు ఇంకో నులిపురుగుకి లొంగిపోయింది. రెండూ నులిపురుగులే కదా అని ఒక గాటన కడితే రైతు మునుగుతాడు.

తరవాత వాళ్ళు చేసిన పని నాకు బాగా నచ్చింది. ఆరోగ్యమైన నేలలో పరీక్షలు పెట్టలేదు. చెట్లు చచ్చిన నేలలోనే, నులిపురుగు దండిగా ఉన్న చోటే, రకరకాల పీచ్ విత్తనాల నుంచి మొక్కలు పెంచి నాటారు. ఏళ్ళ తరబడి ఏవి చస్తాయో, ఏవి మిగులుతాయో చూస్తూ కూర్చున్నారు. జార్జియాలో బైరన్ అనే ఊళ్ళో వ్యవసాయ శాఖ పరిశోధన కేంద్రం, క్లెమ్సన్ యూనివర్సిటీ కలిసి చేసిన పని అది. చావకుండా మిగిలినవాటిలో బీవై520-9 అనే వరస అన్నిటికంటే ముందు నిలిచింది. 1990ల మొదట్లో దానికి గార్డియన్ అని పేరు పెట్టి రైతులకిచ్చారు. ఆగ్నేయ రాష్ట్రాల పీచ్ తోటలు చాలావరకు దాని మీదకి మారాయి. షార్ట్ లైఫ్ చావులు బాగా తగ్గాయి. పైగా టెంకతో పెంచుకోవచ్చు కాబట్టి మొక్క చవక.

ఇక్కడ ఒక మెలిక ఉంది, మన తోటలకి కూడా పనికొచ్చేది. గార్డియన్ రింగు నులిపురుగుని చంపదు. దాని వేళ్ళ మీద కూడా ఆ పురుగు చక్కగా పెరుగుతుంది. చెట్టు దాన్ని భరిస్తుంది, అంతే. కొన్ని వేళ్ళు పురుగుని తమ మీద పెరగనివ్వవు, కొన్ని పెరగనిచ్చి కూడా కుంగిపోవు. రైతుకి పై నుంచి చూస్తే రెండు చెట్లూ పచ్చగానే కనిపిస్తాయి. కానీ రెండో రకం కింద మట్టిలో పురుగు లెక్క ఏటికేడాది పెరుగుతూనే ఉంటుంది. ఆ చెట్టు కొట్టేసి అదే గుంతలో ఇంకో మొక్క పెడితే ఆ లెక్కంతా కొత్త మొక్క మీద పడుతుంది. “తట్టుకునే రకం” అని సంచి మీద రాసుంటే, ఏ విధంగా తట్టుకుంటుందో అడగండి.

గార్డియన్ వచ్చి షార్ట్ లైఫ్ తగ్గాక రైతులు ఊపిరి పీల్చుకున్నారు. చెట్లు పదేళ్ళు, పన్నెండేళ్ళు ఉండటం మొదలుపెట్టాయి. అప్పుడు వరసలో వెనక నుంచున్నవాడు ముందుకొచ్చాడు. ఆర్మిల్లేరియా వేరుకుళ్ళు. ఓక్ చెట్ల అడవులు కొట్టి వేసిన నేలల్లో, తెగి భూమిలో ఉండిపోయిన పాత వేరు ముక్కల్లో ఈ శిలీంధ్రం ఏళ్ళకేళ్ళు బతికే ఉంటుంది. కొత్త చెట్టు వేరు పాత వేరుని తాకితే చాలు, ఎక్కేస్తుంది. దానినుంచి పక్క చెట్టుకి, మళ్ళీ పక్క చెట్టుకి. తోటలో గుండ్రంగా ఖాళీ పడి, ఏటికేడాది ఆ ఖాళీ పెద్దదవుతూ ఉంటుంది. ఇప్పుడు ఆ ప్రాంతంలో పీచ్ చెట్లని అకాలంగా చంపేవాటిలో ముందు వరసలో ఉన్నది ఇదే. గార్డియన్ దీనికి ఆగదు. మందు కొట్టి నయం చేసే దారీ లేదు.

తమ్ముడు పంపిన ఫొటో ఒకటి నా ఫోన్‌లో ఇంకా ఉంది. చచ్చిన పీచ్ చెట్టు మొదట్లో మట్టి తీసి, నేలమట్టానికి కాస్త కింద బెరడు వలిచాడు. బెరడుకీ చెక్కకీ మధ్యన తెల్లటి పొర, పలచగా, అంచుల్లో విసనకర్ర ఆకారంలో విచ్చుకుని ఉంది. వాసన చూస్తే పుట్టగొడుగు వాసనేనట. వాడి చెయ్యి పక్కనే ఉంది, ఆ పొర అరచెయ్యంత వెడల్పు. “షార్ట్ లైఫ్ అయితే వేరు బతికుంటుంది, పిలకలేస్తుంది. ఇదైతే వేరే ముందు పోతుంది, పిలకలుండవు. చచ్చిన చెట్టు మొదలు చూస్తే ఏ జబ్బో సగం తెలిసిపోతుంది అక్కా” అన్నాడు. ఇక్కడ చచ్చిన జామచెట్టుని ఎంతమంది మొదలు తవ్వి చూస్తారు? గొడ్డలి పెట్టి పొయ్యిలోకి పంపేస్తాం.

ఆర్మిల్లేరియాకి వాళ్ళు రెండు దారులు పట్టారు. ఒకటి చేతిపని. మొక్కని ఎత్తు గట్టు మీద నాటి, రెండేళ్ళు పోయాక మొదలు చుట్టూ మట్టి తీసేసి, కాండమూ పెద్ద వేళ్ళూ కలిసే చోటుని గాలికీ ఎండకీ వదిలేస్తారు. శిలీంధ్రం వేరు మీదుగా మొదలు దాకా ఎక్కి చెట్టుని చుట్టేయకుండా ఆలస్యం అవుతుంది. జబ్బు పోదు, చెట్టుకి ఇంకొన్ని కాపులు దక్కుతాయి. క్లెమ్సన్ వాళ్ళు తోటల్లో చేసి చూపించిన పని ఇది. రెండో దారి మళ్ళీ కింద మొక్కే. బైరన్ కేంద్రం నుంచే ఎంపీ-29 అని ఒకటి వచ్చింది. ప్లమ్‌కీ పీచ్‌కీ పుట్టిన సంకరం. ఆర్మిల్లేరియాకి ఆగుతుంది, వేరుముడి నులిపురుగుకి ఆగుతుంది, షార్ట్ లైఫ్‌కీ తట్టుకుంటుంది. ఇంకేం కావాలి అంటారా? టెంకతో మొలవదు, కొమ్మతోనో టిష్యూ కల్చర్‌తోనో పెంచాలి. గార్డియన్ కంటే ఖరీదు. చెట్టు కూడా కాస్త పొట్టిగా వస్తుంది. పొట్టి చెట్టయితే కోత సులువని నేనంటే, ఎకరానికి ఎన్ని మొక్కలో మళ్ళీ లెక్కేసుకోవాలని వాడన్నాడు. లెక్క అంటే డబ్బే.

నేల మారితే ఈ వరసంతా తలకిందులు. ఫ్లోరిడాలో నెమాగార్డ్‌ని కూడా తినగలిగే వేరుముడి నులిపురుగు తయారైంది. 2004లో దాన్ని వేరే జాతిగా గుర్తించి మెలోయిడోగైన్ ఫ్లోరిడెన్సిస్ అని పేరు పెట్టారు. అక్కడి యూనివర్సిటీ అంతకుముందే, 1991లో, విడుదల చేసిన ఫ్లోర్డాగార్డ్ దానికి ఆగుతుంది. కానీ సున్నం ఎక్కువున్న నేలలో పెడితే ఇనుము అందక ఆకు పసుపెక్కుతుంది. సున్నపు నేలకి ఫ్రాన్స్ వాళ్ళ జీఎఫ్-677 ఉంది, పీచ్‌కీ బాదంకీ పుట్టింది. మధ్యధరా దేశాలన్నిట్లో అదే కనిపిస్తుంది. అదేమో వేరుముడి నులిపురుగుకి ఆగదు. అదీ ఇదీ రెండూ కావాలని స్పెయిన్ వాళ్ళు గార్నెమ్ చేసుకున్నారు. ఇలా పోతే అంతుండదు, ఇక్కడాపుతాను.

పీచ్ మనది కాదనుకుంటే నిమ్మజాతి చూడండి. పందొమ్మిదో శతాబ్దంలో ఫైటోఫ్తోరా మొదలుకుళ్ళు నారింజ తోటల్ని తుడిచిపెడుతుంటే, దానికి ఆగుతుందని పుల్ల నారింజ మీద అంట్లు కట్టడం మొదలెట్టారు. 1930ల్లో, 40ల్లో పేనుబంక మోసుకొచ్చే ట్రిస్టెజా వైరస్ వచ్చి, పుల్ల నారింజ మీదున్న చెట్లనే ఏరి ఏరి చంపింది. బ్రెజిల్, అర్జెంటీనాల్లో లక్షలు కాదు, కోట్ల చెట్లు పోయాయి. బ్రెజిల్ వాళ్ళు మన బెంగాల్ వైపు పుట్టిన రంగపూర్ నిమ్మ మీదకి మారారు. కొన్ని దశాబ్దాలు సుఖంగా గడిచాక, 1999లో సిట్రస్ సడన్ డెత్ అని కొత్తది బయటపడింది. అది పట్టింది ఎవర్ననుకున్నారు, రంగపూర్ నిమ్మ మీదున్న చెట్లని. మన రాష్ట్రంలో బత్తాయికి జంబేరి బదులు రంగపూర్ వాడమని ఉద్యాన శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. మన దగ్గరి వేరు ఎండుకుళ్ళు తెగులుకి, మన నేలకి అది సరైన సలహానే. బ్రెజిల్ జబ్బు చూసి ఇక్కడ భయపడక్కర్లేదు. కానీ రాష్ట్రం మొత్తం ఒకే వేరు మీద నిలబెట్టడం మాత్రం నాకు నచ్చదు.

ఇక మన జామ. పీచ్ రైతుకి జబ్బొస్తే కింద మొక్క మార్చుకునే దారైనా ఉంది. తైవాన్ జామలో ఆ దారే మూసేసుకున్నాం, ఎందుకంటే కింద మొక్కంటూ లేదు. కొమ్మకి వేళ్ళు పట్టిస్తే త్వరగా కాస్తుంది, చవగ్గా అవుతుంది, నర్సరీకి పని తక్కువ. పైన ఎంత తియ్యటి కాయో కింద అంత మెత్తటి వేరు. ఎంటరోలోబీ అనే ఈ నులిపురుగుని 2016 ప్రాంతంలో తమిళనాడు జామతోటల్లో గుర్తించారు. మిగతా వేరుముడి నులిపురుగులకి ఆగే టమాటా రకాలు కూడా దీనికి ఆగవు, అంత మొండిది. పురుగు దానంతటది ఏడాదికి ఒకటి రెండు మీటర్లు కూడా పాకలేదు. ఊళ్ళు దాటించేది నర్సరీ సంచిలో మట్టే. నర్సరీ నడుపుతూ ఈ మాట రాయడం మా వాళ్ళకి నచ్చదు, మామయ్యగారు కూడా “రాయాలా అమ్మా?” అన్నారు. రాయాలి. వేపపిండి, బంతి, మట్టిలో కలిపే జీవ శిలీంధ్రాలు వేస్తే కొంత అదుపులో ఉంటుంది. ఒకసారి తోటలో దిగాక పూర్తిగా తుడిచేయడం ఎవరి వల్లా కాలేదు.

బ్రెజిల్‌లో ఇదే పురుగు, వేరుకుళ్ళు తెచ్చే ఫ్యుసేరియంతో జతకట్టి జామతోటల్ని నాశనం చేసింది. వాళ్ళు జామకీ, అక్కడి అడవి జామకీ సంకరం చేసి బీఆర్‌ఎస్ గ్వారాసా అనే రూట్‌స్టాక్ తయారుచేసుకున్నారు. మనకి ఇక్కడ దొరికేది స్ట్రాబెర్రీ జామ. చిన్న ఎర్ర కాయలు, నున్నటి ఆకు, కుండీల్లో అందానికి పెంచుతారు. దాని వేరులో ఈ నులిపురుగు పెరగదు. చిక్కల్లా అంటు దగ్గరే. మామూలు జామ కొమ్మ దాని మీద సరిగా అతకదు, అతికినా కొన్ని తరవాత పోతాయి. మా షేడ్‌నెట్ కింద ఒక వరస పెట్టాను. మొక్క ఎదుగుదల మహా నెమ్మది, కాండం పెన్సిలు మందం వచ్చేదాకా ఆగడమే పెద్ద పని. చీలిక అంటు కట్టి, పాలిథిన్ టోపీ తొడిగితే కొన్ని చిగురేశాయి, కొన్ని చిగురు వేసినట్టే వేసి నల్లబడ్డాయి. నిలిచినవి అమ్మను. ముందు పద్మనాభం రైతు పొలంలో, ఆ చచ్చిన చెట్ల మధ్యనే పెట్టి చూస్తాం. బైరన్ వాళ్ళ పద్ధతి. ఆయన ఒప్పుకున్నాడు. “సచ్చిన నేలే కదమ్మా, కొత్తగా ఏటి పోతాది” అన్నాడు.

ఈలోగా ఎక్కడ మొక్క కొన్నా చూసుకోవాల్సినవి కొన్ని చెబుతాను. అంటు మొక్కయితే అతుకు మచ్చ కనబడాలి, చిన్న వంపో ముడో ఉంటుంది. కనబడకపోతే అది అంటు అవునా కాదా అని అడగండి. అతుకు కింద నుంచి వచ్చే చిగురు ఎప్పటికప్పుడు గిల్లేయాలి, అది కింద మొక్కది, వదిలేస్తే పైదాన్ని మింగేస్తుంది. నాటేటప్పుడు అతుకు మట్టిలోకి పోకూడదు. గాలికి పడిపోతుందని చాలామంది లోతుగా పాతేస్తారు, హుద్‌హుద్ చూసినవాళ్ళం కదా, ఆ భయం అర్థమవుతుంది. కానీ అతుకు పూడిపోతే పై కొమ్మే సొంతంగా వేళ్ళు వేస్తుంది. అప్పుడు కింద ఎంత గట్టి వేరు పెట్టి ఏం లాభం, జబ్బుకి దారి పక్క నుంచి ఇచ్చేసినట్టే. గాలి భయముంటే కర్ర కట్టండి. జామయితే సంచి ఒక్కటి చింపి వేరు చూపించమనండి. చూపించనంటే వచ్చేయండి. మా దగ్గర అడిగినవాళ్ళకి చింపి చూపిస్తాం. ఆ మొక్క మళ్ళీ సంచిలో పెట్టి మేమే వాడుకుంటాం, దానికి డబ్బులు తీసుకోం.

తోటలో చెట్లు చస్తున్నాయని చూపించడానికి వచ్చేవాళ్ళకి ఒక మనవి. పూర్తిగా ఎండిపోయిన చెట్టు వేరు తేవద్దు, అందులో పురుగు ఉండదు, అది ఎప్పుడో పక్క చెట్టుకి పోయి ఉంటుంది. అప్పుడప్పుడే ఆకు రంగు మారుతున్న చెట్టు దగ్గర, పీచు వేళ్ళూ వాటి చుట్టూ మట్టీ కలిపి ఒక గుప్పెడు, రెండు మూడు చోట్ల నుంచి తీసి పాలిథిన్ కవర్లో మూతి బిగించి పెట్టండి. ఎండలో పెట్టొద్దు, బండి డిక్కీలో మరిచిపోవద్దు, ఆరిపోతే ల్యాబులో ఏమీ కనబడదు. భూసార పరీక్ష చేసే ప్రతిచోటా నులిపురుగు పరీక్ష చెయ్యరు, ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి. మా నర్సరీకి వస్తే గేటు బయట ఉన్న కానుగ చెట్టు కింద ఆగి పిలవండి, నేనే బయటికొస్తాను. ఆ కవరు లోపలికి తేవద్దు, చెప్పులకి తోట మట్టి ఉంటే గేటు దగ్గర కుళాయి ఉంది.